నీటిశుద్ధి మడ్డితో పొలాల భాస్వర కాలుష్య నివారణ

తాగునీటిని తేర్చడానికి పటిక కలిపినప్పుడు ట్యాంకుల అడుగున మడ్డి దిగుతుంది. ఈ మడ్డిని పొలాల మీద, గట్ల వెంట, మురుగు కాలువల్లో వాడి, వాననీటితో కొట్టుకుపోయే భాస్వరాన్ని పట్టి నిలపవచ్చు. దీనిమీద 1990ల నుంచి అమెరికాలో, ముఖ్యంగా ఒక్లహోమా, ఫ్లోరిడా, మిషిగన్ రాష్ట్రాల్లో, విస్తారంగా పరిశోధన జరిగింది. నగరాలు డబ్బు ఖర్చుపెట్టి వదిలించుకునే వ్యర్థం అవే నగరాలకు నీళ్లిచ్చే చెరువులను కాపాడగలగడం ఈ పద్ధతిలోని బలం. అయితే అన్ని మడ్డిలూ ఒక్కలా పనిచేయవు, అన్ని పొలాలకూ ఇది అవసరం లేదు. భాస్వరం కొరత ఉన్న నేలలో వేస్తే పైరుకు హాని జరుగుతుంది.

పొలం దాటిన భాస్వరం

మంచినీటి చెరువుల్లో నాచు ఎంత పెరగాలో చాలావరకు భాస్వరమే నిర్ణయిస్తుంది. నీలి ఆకుపచ్చ నాచుల్లో కొన్ని జాతులు నత్రజనిని గాలి నుంచి తీసుకోగలవు. భాస్వరం గాలిలో దొరకదు, నీటిలో ఉంటేనే అందుతుంది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో డేవిడ్ షిండ్లర్ బృందం 1973లో 226వ నంబరు సరస్సును నడుమ తెర కట్టి రెండు భాగాలు చేసింది. ఒక భాగంలో కార్బన్, నత్రజని మాత్రమే కలిపారు. రెండో భాగంలో వాటితోపాటు భాస్వరం కూడా కలిపారు. భాస్వరం కలిపిన భాగమే నాచుతో పచ్చబడింది. ఆకాశం నుంచి తీసిన ఆ సరస్సు ఫొటో అప్పటి వాదనలను చాలావరకు ముగించింది.

సరస్సు నీటిలో భాస్వరం లీటరుకు 0.02-0.03 మిల్లీగ్రాములు దాటితే నాచు విజృంభించే ప్రమాదం మొదలవుతుంది. పొలం లెక్కతో పోలిస్తే ఇది ఎంత కొంచెమో డీఏపీ బస్తా చూస్తే అర్థమవుతుంది. 50 కిలోల బస్తాలో ఉండే అసలు భాస్వరం దాదాపు 10 కిలోలు. అది మొత్తం నీటిలో కలిస్తే 50 కోట్ల లీటర్లను లీటరుకు 0.02 మిల్లీగ్రాముల స్థాయికి తెస్తుంది. 5 మీటర్ల లోతున్న 10 హెక్టార్ల చెరువులో పట్టే నీళ్లవి. వేసిన ఎరువులో నూటికి ఒకటి రెండు పాళ్లు జారిపోయినా రైతుకు ఆ నష్టం కనిపించదు. దిగువనున్న చెరువును పాడుచేయడానికి మాత్రం అంత చాలు.

ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలంలో అమెరికా, కెనడాల మధ్యనున్న ఈరీ సరస్సును పాడుచేసినవి ప్రధానంగా మురుగునీరు, బట్టల సబ్బుల్లోని భాస్వరం. 1972లో రెండు దేశాలు ఒప్పందం చేసుకుని వాటిని కట్టడి చేశాక సరస్సు కోలుకుంది. ఆ తర్వాత మళ్లీ దిగజారింది. ఈసారి భాస్వరం ఎక్కువగా మామీ నది పరీవాహకంలోని పొలాల నుంచి వచ్చింది. 2014 ఆగస్టు మొదటివారంలో సరస్సు ఒడ్డునున్న టొలీడో నగరంలో 4 లక్షల పైచిలుకు జనాన్ని కుళాయి నీళ్లు తాగవద్దని హెచ్చరించాల్సి వచ్చింది. నాచు నుంచి వెలువడిన మైక్రోసిస్టిన్ అనే విషం నీటిలో చేరింది. ఆ విషం కాచినా పోదు, నీరు ఆవిరైపోయేకొద్దీ మిగిలిన నీటిలో ఇంకా చిక్కబడుతుంది. 2016లో రెండు దేశాలూ ఈరీ సరస్సులో చేరే భాస్వరాన్ని 2008 నాటి స్థాయి నుంచి 40 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకున్నాయి.

పొలం నుంచి భాస్వరం రెండు రూపాల్లో పోతుంది. మట్టి రేణువులకు అంటుకుని కొంత, నీటిలో కరిగి కొంత. మొదటి రకాన్ని గట్లు, గడ్డిపట్టీలు, దుక్కి తగ్గించిన సేద్యం చాలావరకు ఆపుతాయి. కరిగిన భాస్వరం గడ్డి మొదళ్ల మధ్య నుంచి నీటితోపాటే జారిపోతుంది. పైగా నాచు వెంటనే వాడుకోగలిగేది ఈ రూపాన్నే. నేలకోత ఆపినా చెరువులు బాగుపడకపోవడానికి ఇదొక కారణం. నీటిశుద్ధి మడ్డి పనికొచ్చేది ప్రధానంగా ఈ కరిగిన భాస్వరానికి.

కోళ్ల పెంపకం దట్టంగా ఉన్న ప్రాంతాల్లో సమస్య మరీ తీవ్రం. అమెరికా తూర్పు తీరంలోని డెల్మార్వా ద్వీపకల్పం, ఆర్కన్సా-ఒక్లహోమా సరిహద్దు జిల్లాలు ఇలాంటివి. పైరు తీసుకునే నత్రజని, భాస్వరాల నిష్పత్తి సుమారు 8:1 ఉంటే కోళ్ల ఎరువులో అది 2:1 నుంచి 3:1 దాకానే ఉంటుంది. నత్రజని లెక్క చూసి ఎరువు వేస్తే భాస్వరం మూడింతలు పడి ఏటేటా నేలలో పోగవుతుంది. టల్సా నగరానికి నీళ్లిచ్చే యూకా, స్పావినా సరస్సుల్లో నాచు పెరిగి నీటికి రుచి, వాసన చెడిపోయాయి. ఎగువన కోళ్ల ఎరువు వేసిన పొలాలే కారణమంటూ నగరపాలక సంస్థ 2001లో కోళ్ల కంపెనీల మీద దావా వేసింది. 2003లో రాజీ కుదిరి ఆ పరీవాహకంలో ఎరువు వాడకానికి హద్దులు ఏర్పడ్డాయి. అప్పటికే భాస్వరం నిండిపోయిన నేలల సంగతి మాత్రం అలాగే మిగిలింది. ఎరువు పూర్తిగా మానేసినా అలాంటి నేలలో నిల్వ దిగడానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు పడుతుంది.

మడ్డి పుట్టుక

నది నీటిలోని సన్నని మన్ను తనంతట తాను దిగదు. రేణువులన్నిటికీ రుణ విద్యుదావేశం ఉండటంవల్ల అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతుంటాయి. పటిక, అంటే అల్యూమినియం సల్ఫేటు, కలిపితే ఆ ఆవేశం తగ్గిపోతుంది. అదే సమయంలో అల్యూమినియం నీటిలోని బైకార్బొనేటుతో చర్య జరిపి జిగురు లాంటి అల్యూమినియం హైడ్రాక్సైడుగా మారుతుంది. ఆ జిగురులో మన్ను, నాచు, చెట్ల నుంచి వచ్చిన సేంద్రియ పదార్థం చిక్కుకుని పింజలు కడతాయి. నీటిశుద్ధి కేంద్రాల్లో రోజూ చేసే జార్ టెస్టులో ఈ మార్పు కళ్లారా కనిపిస్తుంది. వరుసగా ఆరు బీకర్లలో నది నీరు పోసి, ఒక్కోదానిలో ఒక్కో మోతాదు పటిక వేసి, మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా తిప్పుతారు. మోతాదు సరిపోయిన బీకరులో కొద్ది నిమిషాల్లో తెల్లటి పింజలు తేలి, తిప్పడం ఆపగానే అడుగుకు దిగుతాయి. పై నీరు తేటపడుతుంది.

నీటిని తేర్చే ట్యాంకు, అంటే క్లారిఫయర్, అడుగున చేరేదీ ఇదే. బయటికి వచ్చేటప్పుడు అందులో ఘనపదార్థం నూటికి ఒకటి రెండు పాళ్లే, మిగతాదంతా నీరు. పరిమాణం ఒక అంచనా ప్రకారం ఇలా ఉంటుంది. రోజుకు 10 కోట్ల లీటర్లు శుద్ధిచేసే కేంద్రం లీటరుకు 30 మిల్లీగ్రాముల పటిక వాడితే, నది నీటిలో మన్ను లీటరుకు 20 మిల్లీగ్రాములు ఉంటే, రోజూ 3 టన్నులకు పైగా పొడి మడ్డి వస్తుంది. తడి రూపంలో అది 150 టన్నులు దాటుతుంది. దీన్ని మురుగు కాలువలోకి వదలడం, తిరిగి నదిలోకే పంపడం, గుంటల్లో నిల్వచేయడం, చెత్తదిబ్బలకు తోలడం పాత అలవాట్లు.

జిగురుగా ఉన్న మడ్డిలోంచి నీళ్లు తీయడం కష్టం. పిండే యంత్రాల్లో పెట్టినా నూటికి 20-25 పాళ్ల ఘనపదార్థం దగ్గర ఆగిపోతుంది. ఎండబెట్టే మళ్లలో ఇంకా ఆరుతుంది. చలి దేశాల్లో శీతకాలం ఈ పని తేలిక చేస్తుంది. మడ్డి గడ్డకట్టి కరిగితే జిగురు విడిపోయి, వడకట్టగా మిగిలిన కాఫీపొడిలా పలుకులుగా మారుతుంది, మళ్లీ తడిపినా జిగురు కాదు. పొలానికి తోలడానికి, చల్లడానికి ఈ రూపమే వీలు.

పట్టుకునే తీరు

మడ్డిలోని అల్యూమినియం హైడ్రాక్సైడు స్ఫటికంగా కాక, క్రమం లేని నిర్మాణంతో ఉంటుంది. అందుకే దాని ఉపరితలం విశాలం, లోపలి సూక్ష్మరంధ్రాలు అనేకం. ఫాస్ఫేటు అయాన్లు అల్యూమినియం మీదున్న హైడ్రాక్సిల్ సమూహాలను తోసేసి ఆ చోట బంధం ఏర్పరచుకుంటాయి. ఇది మామూలు విద్యుదాకర్షణ కాదు, గట్టి రసాయన బంధం. పై పొరల్లో ఈ చర్య గంటల్లో ముగుస్తుంది. ఆ తర్వాత ఫాస్ఫేటు నెమ్మదిగా సూక్ష్మరంధ్రాల లోపలికి చొచ్చుకుపోతుంది, ఇది వారాల తరబడి సాగుతుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో మాక్రిస్, ఓకానర్ తదితరులు 2000ల మొదట్లో చేసిన పరిశోధనలు ఇలా లోపలికి చేరిన భాస్వరం తిరిగి బయటికి రావడం చాలా అరుదని చూపాయి. ఈ ఒక్క గుణమే లేకపోతే ఈ పద్ధతికి విలువ ఉండేది కాదు, ఇవాళ పట్టి రేపు వదిలేసే పదార్థం చెరువుకు చేసే మేలు ఏమీ లేదు.

ఏ మడ్డి ఎంత పడుతుందన్నది రంగు చూసో, ఊరు చూసో చెప్పలేం. ఒక్లహోమాలో డేటన్, బాస్టా తదితరులు 21 రకాల మడ్డిని పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించారు. కిలో మడ్డి పట్టుకున్న భాస్వరం 0.30 గ్రాముల నుంచి 5.14 గ్రాముల దాకా ఉంది, అంటే 17 రెట్ల తేడా. ఒక టన్ను మంచి మడ్డి 5 కిలోలు పట్టుకుంటే, ఒక టన్ను నాసి మడ్డి పట్టేది 300 గ్రాములే. సన్నగా నూరి పరీక్షిస్తే, ఎక్కువసేపు నీటిలో ఉంచితే ఈ అంకెలు ఇంకా పెరుగుతాయి.

ఈ తేడాకు మూలం స్ఫటికం కాని అల్యూమినియం పాలు. దాన్ని కొలవడానికి ఆమ్ల అమ్మోనియం ఆక్సలేటు ద్రావణంలో మడ్డి పొడిని వేసి, చీకట్లో ఊపి, కరిగిన అల్యూమినియాన్ని లెక్కిస్తారు. వెలుతురు తగిలితే స్ఫటిక రూపంలోని ఇనుప ఆక్సైడులు కూడా కరిగి లెక్క తప్పుతుంది కాబట్టి చీకటి తప్పనిసరి. ఆక్సలేటులో కరిగే అల్యూమినియం ఎక్కువున్న మడ్డికి భాస్వరం పట్టే శక్తి కూడా ఎక్కువని పలు ప్రయోగశాలల్లో తేలింది. కొనబోయే మడ్డికి ఈ పరీక్ష చేయించకుండా పొలానికి తోలడం గుడ్డి పని.

పటికకు బదులు ఫెర్రిక్ క్లోరైడు వాడే కేంద్రాల మడ్డి కూడా భాస్వరాన్ని పడుతుంది. కానీ నీరు నిలిచి గాలి ఆడని నేలలో ఫెర్రిక్ ఇనుము ఫెర్రస్‌గా మారి కరిగిపోతుంది, అది పట్టిన భాస్వరం విడుదలవుతుంది. అల్యూమినియానికి ఈ బలహీనత లేదు. వరి మళ్లకు, ముంపు నేలలకు ఇది అసలైన తేడా. సున్నం వాడే కేంద్రాల మడ్డిలో కాల్షియం ఉంటుంది. ఆమ్ల నేలల్లో దాన్ని సున్నంలా వాడతారు కానీ భాస్వరాన్ని పట్టడంలో అది అల్యూమినియంతో సమానం కాదు.

పొలంలో వాడకం

గ్యాలిమోర్, బాస్టా తదితరులు ఒక్లహోమాలో చేసి 1999లో ప్రచురించిన ప్రయోగం ఈ రంగంలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. పచ్చిక మళ్లలో కోళ్ల ఎరువు చల్లి, కొన్నిటిలో మడ్డిని పొలమంతా, కొన్నిటిలో దిగువ అంచున పట్టీగా వేసి, కృత్రిమ వాన కురిపించి జారే నీటిని పట్టారు. మడ్డి వేయని మళ్ల నీటిలో కరిగిన భాస్వరం లీటరుకు 15 మిల్లీగ్రాములు ఉంటే, హెక్టారుకు దాదాపు 45 టన్నుల మోతాదులో మడ్డి వేసిన మళ్లలో 8-9 మిల్లీగ్రాములకు దిగింది. పట్టీగా వేసినా, పొలమంతా చల్లినా ఫలితం ఇంచుమించు ఒక్కటే. పట్టీకి పట్టే విస్తీర్ణం తక్కువ, పైరు వేర్లకు మడ్డి తగలదు. అందుకే పల్లం వైపు పట్టీ వేయడం మెరుగైన దారిగా కనిపిస్తుంది. కానీ వాననీరు పలచగా పొరలా పారితేనే పట్టీ పనిచేస్తుంది. గండి పడి ఒక్కచోట నుంచే నీరు పోతే పట్టీ మొత్తం వృథా.

ఎక్కువ కాలం నిలిచిన ఫలితాలు మిషిగన్ నుంచి వచ్చాయి. అక్కడ భాస్వరం నిండిన పొలాల్లో 1998లో ఒకేసారి హెక్టారుకు 100 టన్నులకు పైగా మడ్డి వేసి వదిలేశారు. ఏడున్నర ఏళ్ల తర్వాత పరీక్షించినా, వేయని చోటుతో పోలిస్తే జారే నీటిలో కరిగిన భాస్వరం సగానికి పైగా తక్కువుంది.

ఫ్లోరిడాలో పరిస్థితి వేరు. ఓకీచోబీ సరస్సు చుట్టూ ఉన్న పాడి భూముల్లో పై మట్టి ఇసుక, అందులో ఇనుము, అల్యూమినియం దాదాపు లేవు. భాస్వరం నిలవడానికి చోటే లేక నేరుగా కిందికి దిగి, పక్కకు పారి సరస్సు చేరుతుంది. అలాంటి నేలకు లేని గుణాన్ని మడ్డి తెచ్చిపెడుతుంది. ఇక్కడ తేలిన ముఖ్యమైన సంగతి ఏమిటంటే, మడ్డి తనను తాకిన భాస్వరాన్నే పడుతుంది. పైన చల్లిన మడ్డి కొత్తగా వేసే ఎరువులోని భాస్వరాన్ని అడ్డుకుంటుంది, అడుగున అప్పటికే చేరిన నిల్వను ఆపాలంటే దున్ని కలపాలి.

ఎరువు చల్లకముందే దానితో మడ్డి కలపడం ఇంకో దారి. దీనికి దగ్గరి పద్ధతి ఆర్కన్సాలో అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రవేత్త ఫిలిప్ మూర్ అభివృద్ధి చేసిన, కోళ్ల షెడ్లలో పచ్చి పటికనే చల్లే విధానం. 1995లో ప్రచురించిన ప్రయోగంలో అది జారే నీటిలోని భాస్వరాన్ని 87 శాతం తగ్గించింది. పచ్చి పటిక ఆమ్లం కాబట్టి షెడ్డులో అమ్మోనియా ఘాటును కూడా అణచి కోళ్లకు మేలు చేస్తుంది, రైతు దాన్ని కొనడానికి అదే ప్రధాన కారణం. మడ్డిలో ఆమ్లం ముందే ఖర్చయిపోయింది కనుక ఆ లాభం ఉండదు, బలం కూడా తక్కువే. దాని అనుకూలత ధరలో ఉంది.

మురుగు కాలువల్లో వడపోత గట్లు కట్టి నీటిని వాటి గుండా పంపడం నాలుగో దారి. మడ్డి సన్నగా ఉండటంతో త్వరగా పూడుకుపోయి నీరు ఇంకదు. ఇసుకతోనో కంకరతోనో కలపాలి, లేదా ఉక్కు కర్మాగారాల చిట్టెం లాంటి గరుకు పదార్థాన్ని వాడాలి. ఐర్లండ్‌లో డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాల పరిశోధకులు ఆరబెట్టిన పటిక మడ్డి ముక్కలనే పరుపుగా పరిచి, రెల్లు నాటిన కృత్రిమ చిత్తడి మడుగుల్లో పశువుల కొట్టాల మురుగునీటిని శుద్ధి చేసి చూపారు.

మోతాదు, హద్దులు

మోతాదును టన్నుల్లో ముందే నిర్ణయించడం సరికాదు. నేలలో ఉన్న భాస్వరానికీ, దాన్ని పట్టగల అల్యూమినియం, ఇనుములకూ మధ్య నిష్పత్తి చూడాలి. నెదర్లాండ్స్‌లో నేల పట్టు శక్తిలో 25 శాతం నిండితే భూగర్భజలానికి ముప్పుగా లెక్కిస్తారు. నిండిన భాగాన్ని హద్దు కిందికి దించడానికి ఎంత అల్యూమినియం చేర్చాలో లెక్కగట్టి, చేతిలో ఉన్న మడ్డి పరీక్ష ఫలితంతో భాగిస్తే టన్నులు తేలతాయి. హెక్టారులో 50 కిలోల భాస్వరాన్ని కట్టేయాలంటే కిలోకు 5 గ్రాములు పట్టే మడ్డి 10 టన్నులు కావాలి. కిలోకు అర గ్రాము పట్టేదైతే 100 టన్నులు. లారీ కిరాయి లెక్క ఇక్కడే తేల్చేస్తుంది.

అతిగా వేస్తే పైరుకు భాస్వరం అందదు. 1980ల చివర కొలరాడోలో చేసిన కుండీ ప్రయోగాల్లోనే ఎక్కువ మోతాదులో భాస్వర లోప లక్షణాలు కనిపించాయి. నేల పీహెచ్ 5 కన్నా దిగితే అల్యూమినియం కరిగి వేర్లను దెబ్బతీస్తుంది. 6 నుంచి 8 మధ్య ఆ భయం లేదు. నది నీటిలో ఆర్సెనిక్ లాంటి విషపదార్థాలు ఉంటే మడ్డిలో అవి చిక్కబడతాయి కనుక ప్రతి కేంద్రం మడ్డికీ ఆ పరీక్ష విడిగా జరగాలి. భూసార పరీక్షలోనూ ఒక చిక్కుంది. మెహ్లిక్-3 లాంటి ఆమ్ల ద్రావణాలు మడ్డి పట్టిన భాస్వరాన్ని కూడా కొంత కరిగించి, నేలలో ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతాయి. నీటిలో కరిగే భాస్వరాన్ని కొలిచే పరీక్షే నిజం చెబుతుంది. అమెరికాలో మురుగు మడ్డికి వర్తించే సమాఖ్య నిబంధనలు తాగునీటి మడ్డికి వర్తించవు, దాని అనుమతులు రాష్ట్రాల చేతిలో ఉన్నాయి.

మడ్డి వేసినంత మాత్రాన కొత్తగా పడే ఎరువు ఆగదు. పట్టే చోట్లు ఒకసారి నిండాక మడ్డి మామూలు మన్నే. ఎరువు మోతాదు తగ్గించని పొలంలో దీన్ని వేయడం ఖర్చు దండగ.

తెలుగు నేలల్లో

తెలుగు ఊళ్లలో బురదనీటిని తేర్చడానికి చిల్లగింజ అరగదీయడం, పటిక తిప్పడం పాత అలవాట్లే. నగరాల కేంద్రాలు ఇప్పుడు పటికను భారీగా వాడుతున్నాయి. కృష్ణా నీటిని హైదరాబాదుకు పంపే కోదండాపురం కేంద్రం పెద్దవాటిలో ఒకటి. భారతదేశంలో చాలా కేంద్రాల మడ్డి నేటికీ వాగుల్లోకో, నదుల్లోకో పోతోంది.

ఇక్కడ దీన్ని గుడ్డిగా అనుకరించే వీలు లేదు. తెలంగాణ, రాయలసీమ ఎర్రనేలల్లో ఇనుప ఆక్సైడులు, నల్లరేగడిలో కాల్షియం భాస్వరాన్ని ముందే గట్టిగా పట్టుకుంటాయి. ఎన్నో పొలాల్లో సమస్య వేసిన భాస్వరం పైరుకు అందకపోవడమే. అక్కడ మడ్డి చేరితే కష్టం ఇంకా పెరుగుతుంది. ఏళ్లతరబడి డీఏపీ కుమ్మరించి నిల్వ పెరిగిన పొలాల సంగతి వేరు. అతి భాస్వరం వరికి, మొక్కజొన్నకు జింకు అందకుండా చేస్తుందని రైతులకు తెలిసినదే. అలాంటిచోట మొదటి మందు ఎరువు తగ్గించడం. మడ్డికి నిజంగా చోటున్నవి బాపట్ల, చీరాల తీరపు ఇసుక నేలల్లాంటివి. ఫ్లోరిడా ఇసుకలాగే వీటికీ భాస్వరాన్ని నిలిపే శక్తి తక్కువ. కోళ్ల ఫారాలు గుమిగూడిన చోట్ల ఎరువు పోగులు, వాటి చుట్టూ నీరు జారే అంచులు కూడా పరిశీలించదగ్గవే. 2002లో రామ్‌సర్ గుర్తింపు పొందిన కొల్లేరు గుర్రపుడెక్కతో నిండటానికి పొలాల మురుగుతోపాటు చేపల చెరువుల నీరు, పట్టణాల మురుగు కూడా కారణం. వర్షాకాలంలో అక్కడికి వచ్చే కాలువల ఉధృతిని ఏ వడపోత గట్టూ తట్టుకోలేదు. పట్టాలంటే పైన, పొలం అంచునే పట్టాలి.

కృష్ణా, గోదావరుల మడ్డికి మరో ప్రత్యేకత ఉంది. వేసవిలో నీరు తేటగా ఉన్నప్పుడు, లీటరుకు 30 మిల్లీగ్రాముల పటిక, 20 మిల్లీగ్రాముల మన్ను లెక్కన, మడ్డిలో దాదాపు 40 శాతం అల్యూమినియం హైడ్రాక్సైడే. వరదలప్పుడు మన్ను 500 మిల్లీగ్రాములకు చేరితే, పటిక రెట్టింపు వాడినా ఆ పాలు 5 శాతానికి పడిపోతుంది, మిగతాదంతా ఒండ్రు. కాబట్టి రెండు కాలాల మడ్డినీ వేర్వేరు మళ్లలో ఆరబెట్టి, వేర్వేరుగా ఆక్సలేటు పరీక్ష చేయాలి. వేసవి మడ్డిని భాస్వరం పట్టడానికి ఉంచి, వరద మడ్డిని ఇటుకలకో, గుంటలు పూడ్చడానికో వాడుకోవచ్చు.